తెగిపోయే యూఎస్‌బీ

పోగు తెగితే మగ్గం ఆపి, తెగినచోటు వెతుకుతాం కదా! షోలాపూర్ నేతపేటల్లో దుప్పటి డిజైన్లు దాచుకునే లినక్స్ లాప్‌టాప్‌లో యూఎస్‌బీ తెగినా అదే పద్ధతి. డిజైన్ ఎక్కుతుండగా తెగితే ఫైలే పాడవుతుంది.

ముందు లాప్‌టాప్ ఆపి, పోర్టులో చేరిన నూలుపీచును పొడి బ్రష్‌తో తీయండి. అదే పెన్‌డ్రైవ్‌ను మరో పోర్టులో పెట్టండి. అక్కడా తెగితే పెన్‌డ్రైవ్‌ను, తెగకపోతే మొదటి పోర్టును అనుమానించాలి.

టెర్మినల్‌లో డి, ఎం, ఇ, ఎస్, జి అని కొడితే కెర్నెల్ సందేశాలు కనబడతాయి. ‘ఓవర్ కరెంట్’ అని ఉంటే భారం ఎక్కువైందేమో; యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. పెద్ద డిస్కుకు సొంత కరెంటున్న హబ్ వాడండి. కాసేపు వదిలేశాకే తెగుతుంటే, పోర్టును నిద్రపుచ్చే ఆటోసస్పెండ్‌ను ఆపి చూడండి. దాని విలువ మైనస్ 1 చేస్తే ఆగుతుంది.

ఈలోగా డిజైనుకు రెండో ప్రతి ఉంచుకోండి.