ఆకలి ఒకవైపు, ప్రాణభయం మరోవైపు
ఎలుక లెక్క తెలిస్తే రైతుకు మేలు

నస్పూర్ (మా విలేఖరి): గోదావరి ఒడ్డున ఉన్న నస్పూర్ పరిసరాలలో వరి పొట్టకు వచ్చిందంటే రైతుకు కంటినిండా నిద్ర ఉండదు. అడవిపందిని డబ్బా కొట్టి తరమవచ్చు గాని ఎలుక కంటపడదు. తెల్లవారి పొలానికి పోయి చూస్తే కొరికి పడేసిన పిలకలే కనబడతాయి.

అయితే ఎలుక ఇష్టం వచ్చినట్టు తిరిగే జీవి కాదు. పొట్ట నింపుకోవాలంటే బొరియ దాటాలి. దాటితే పైన గుడ్లగూబ, కింద పాము, వెనక నక్క. ఎంతసేపు తినాలి, ఎప్పుడు వదిలి పారిపోవాలి అనే లెక్క దానికి ప్రతి రాత్రీ తప్పదు. ఆ లెక్కను శాస్త్రజ్ఞులు ఎడారి ఎలుకల దగ్గర నేర్చుకున్నారు.

ఇసుకలో గింజలు

అమెరికా శాస్త్రజ్ఞుడు జోయెల్ బ్రౌన్ ఈ సంగతి తేల్చడానికి వాడిన పద్ధతి చాలా సులువైనది. అరిజోనా ఎడారిలో ఆయన పళ్లాలలో ఇసుక పోసి, అందులో కొలిచిన గింజలు కలిపి, కొన్నిటిని పొదల కింద, కొన్నిటిని బయట పెట్టారు. మొదట్లో గింజలు వెంటవెంటనే దొరుకుతాయి. తగ్గిన కొద్దీ ఒక్కొక్క గింజకు ఎక్కువ సేపు తవ్వాలి. ఈ నాలుగు గింజల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం దండగ అనిపించగానే ఎలుక పళ్లెం వదిలిపోతుంది. పొద్దున పళ్లెంలో మిగిలిన గింజలే దాని భయానికి కొలత. ఈ పద్ధతిని ఆయన 1988లో ప్రకటించారు.

తరువాత ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో బర్ట్ కోట్లర్, బ్రౌన్ తదితరులు జెర్బిల్ అనే ఎలుకలపై ఇలాగే పరీక్షలు చేశారు. గుడ్లగూబలు ఎగిరే చోట ఎలుకలు ఆరుబయట తక్కువ తిని, పొదల చాటుకు చేరాయి. వెన్నెల రాత్రులలో తిరుగుడే తగ్గించాయి. పొద కింద పాము కాచుకుని ఉంటే ఆ చాటు కూడా వాటికి భద్రం కాలేదు.

మన చెలకల్లోనూ అదే జాతి

ఇది పరదేశపు ముచ్చట అనుకోవద్దు. రాజస్థాన్ థార్ ఎడారిలో ఉండే ఒక రకం జెర్బిల్ మన మెట్ట చెలకల్లోనూ ఉంది. వెనక కాళ్లు పొడుగు, కళ్లు పెద్దవి, పొడవైన తోక చివర నల్లని కుచ్చు ఉంటుంది. వరి మడుల ఒడ్లలో ఉండేది వేరే రకం. అది కంకులు కొరికి బొరియలోకి మోసుకుపోయి దాచుకుంటుంది. బయట కూర్చుని తినే ఎలుకకు ప్రాణగండం ఎక్కువ. తెచ్చుకుని లోపల తినేదానికి తక్కువ. అందుకే అలాంటి బొరియ తవ్వితే వడ్లు బయటపడతాయి.

రైతు చేయగలిగింది

ఎలుకకు చాటు ఎక్కడ ఉంటే నష్టం అక్కడ మొదలవుతుంది. ఒడ్లు వెడల్పుగా ఉండి గడ్డి, పొదలు పెరిగితే బొరియకూ చాటుకూ మనమే చోటు ఇచ్చినట్టు. ఒడ్లను సన్నగా చెక్కి, గడ్డి తీసి ఉంచాలి. చేను ఎదిగితే చేనే దానికి చాటు అవుతుంది కనుక ఈ పని నాట్లప్పుడే మొదలు కావాలి.

మడిలో అక్కడక్కడ కర్రలు పాతి, పైన అడ్డకర్ర కట్టాలి. రాత్రి గుడ్లగూబ వాటి మీద వాలుతుంది. అది పట్టి తినే ఎలుకలు ఒక లాభం. మిగతా ఎలుకలు దాని భయంతో ఎక్కువ సేపు తినలేకపోవడం రెండవ లాభం. ఈ రెండవ లాభం కంటికి కనబడదు గనుకనే మనం లెక్కలోకి తీసుకోము.

పాడుబడిన బావి, పాత గోడ కింద వెంట్రుకలు, సన్న ఎముకలు కలిసిన ఉండలు పడి ఉంటే పైన గుడ్లగూబ గూడు ఉన్నట్టే. అపశకునమని రాళ్లు వేసి తరమడం పంటకే చేటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా. విషం లేని జెర్రిపోతును చంపడం కూడా ఎలుకకు సాయం చేసినట్టే.

మందు పెట్టేవారికి

కొత్త తిండిని ఎలుక మొదట కొద్దిగానే రుచి చూస్తుంది. కడుపులో తేడా వస్తే మళ్లీ ముట్టదు. అందుకే జింక్ ఫాస్ఫైడ్ పెట్టే ముందు రెండు మూడు రోజులు మందు లేని నూకలకు నూనె కలిపి అలవాటు చేయాలి. సాయంత్రం బొరియలన్నీ మూసి, పొద్దున తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టాలి. చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టాలి. మందు తిన్న ఎలుకలను తింటే గుడ్లగూబలకూ, కుక్కలకూ ప్రమాదం. మందు మోతాదు కోసం వ్యవసాయ విస్తరణాధికారిని అడగాలి. పిల్లలను, కోళ్లను దగ్గరికి రానీయరాదు.

ఒక్కరి పొలంలో చేస్తే పక్క పొలం నుంచి ఎలుకలు మళ్లీ వస్తాయి. ఊరంతా ఒకే వారంలో పూనుకుంటేనే ఫలితం. నమ్మకం కుదరని వారు రెండు పాత పళ్లాలలో ఇసుకతో పిడికెడు వడ్లు కలిపి, ఒకటి పొద పక్కన, ఒకటి ఆరుబయట రాత్రికి పెట్టి చూడవచ్చు. ఎక్కడ ఎన్ని గింజలు మిగిలాయో పొద్దున లెక్కపెడితే తమ పొలంలో ఎలుక ఎక్కడ జంకుతుందో, ఎక్కడ ధైర్యంగా తింటుందో తెలుస్తుంది.