చేప పిల్లలతో ఓడెక్కిన గోదురు కప్ప

ప్రోతరాపూర్ (దక్షిణ అండమాన్): తొలకరి వానకు మన పల్లెల్లో చెరువు గట్ల వెంట బెకబెకమనే గోదురు కప్పను రైతు ఆప్తునిగానే భావిస్తాడు. పైరు మీది పురుగులను అది తింటుంది. అదే కప్ప సముద్రం దాటి అండమాన్ దీవులకు చేరి ఇప్పుడు చేపల గుంటలకు, కోళ్ల దొడ్లకు బెడదగా పరిణమించింది.

ఇది ఈ దీవులలో సహజంగా పుట్టిన ప్రాణి కాదు. పెంపకం నిమిత్తం ప్రధాన భూభాగం నుంచి తెచ్చిన చేప పిల్లలలో దీని తోకకప్పలు కలిసి వచ్చాయని పరిశోధకులు భావిస్తున్నారు. అవి ఎప్పుడు వచ్చాయో తెలిపే రికార్డులేవీ లేకపోవడంతో నిత్య ప్రకాశ్ మొహంతి, జాన్ మీజీ అనే శాస్త్రజ్ఞులు ఊరూరా తిరిగి రైతుల జ్ఞాపకాలనే ఆధారం చేసుకున్నారు. 2000 దశకం తొలి సంవత్సరాలలో ఉత్తర అండమాన్‌లో కాలు మోపిన ఈ కప్ప 2009 తరువాత శరవేగంగా వ్యాపించిందని, జనావాసం గల 8 దీవులకుగాను 6 దీవులను ఆక్రమించిందని వారి పరిశీలనలో వెల్లడయింది. కాగితాలలో లేని చరిత్ర రైతుల నోట దొరకడం గమనార్హం.

తొలి వర్షాలకు ఒకటి రెండు రాత్రులలోనే ఆడ కప్పలు వేలకొలది గుడ్లు పెడతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. సాధారణంగా తోకకప్పలు నాచు తిని బ్రతుకుతాయి. గోదురు కప్ప పిల్లలు మాత్రం మాంసాహారులు. తమతోపాటు నీటిలో ఉన్న ఇతర తోకకప్పలను మింగివేస్తాయి. అండమాన్‌కే ప్రత్యేకమైన రెండు జాతుల తోకకప్పలను వీటితో కలిపి ఉంచిన ప్రయోగంలో దేశవాళీ పిల్ల ఒక్కటైనా మిగలలేదని 2019లో ప్రచురితమైన నివేదిక తెలిపింది. పెరిగిన కప్ప బల్లులను, చిన్న పాములను సైతం వదలదు. గుంటలోని చేపలను, పెరటి కోడిపిల్లలను కూడా అది మింగుతున్నదని గ్రామస్థుల ఫిర్యాదు. నాలుగు కోళ్లు, ఒక చేపల గుంట మీద ఆధారపడిన కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

ఒకప్పుడు కాళ్ల ఎగుమతి కోసం దేశంలో ఈ కప్పలను విచ్చలవిడిగా వేటాడగా, 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. అక్కడ కాపాడవలసిన ప్రాణి ఇక్కడ తొలగించవలసినది కావడం విచిత్రమే.

కెన్యాలోని నైవాషా సరస్సుకు కూడా ఇటువంటి అనుభవమే ఎదురయింది. రొయ్యను పోలి పెద్ద డెక్కలు గల అమెరికా క్రేఫిష్‌ను 1970లో అక్కడ ఆదాయం కోసం కావాలనే వదిలారు. అది నీటి మొక్కలను మేసివేసింది, వలలలోని చేపలను కొరికి జాలరులకు నష్టం కలిగించింది. అండమాన్‌లో ఎవరూ కావాలని కప్పను తేలేదు. సంచిలో ఏమున్నదో చూడలేదు, అంతే.

గుడ్లు పెట్టే రాత్రులలో గుంటల వద్ద గుమిగూడే కప్పలను పట్టివేయవచ్చు. వేసవిలో గుంటను పూర్తిగా ఎండగట్టవచ్చు. అయితే పక్క గుంట నుంచి, పక్క ఊరి నుంచి తెచ్చిన చేప పిల్లలతో అది తిరిగి ప్రవేశిస్తుంది. కాబట్టి ఓడ దిగిన సంచిని వడపోసి, తోకకప్పలను వేరు చేసిన తరువాతే పిల్లలను వదలడం అన్నింటికన్నా చౌక. ప్రోతరాపూర్‌కు చేరువలోని గారచర్మలో కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. చేప పిల్లలను దీవులలోనే సరిపడా ఉత్పత్తి చేయగలిగితే, ఓడపై వచ్చే సంచుల అవసరమే తగ్గుతుంది.