తెల్ల కుక్క ముఖాన ఎర్ర చారలు

చలికాలం సెలవుల్లో విశాఖ నుంచి అరకు ఘాట్ రోడ్డెక్కే కార్లలో ఇప్పుడు మనుషులతోపాటు కుక్కలూ వస్తున్నాయి. టైడా దగ్గర ఆగిన కారు కిటికీలోంచి తల బయటపెట్టిన ఏ పొమరేనియన్‌నో, షిట్జూనో గమనించండి. కంటి లోపలి మూల నుంచి మూతి దాకా తుప్పురంగు చార దిగి ఉంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మోసుకొచ్చే కిరండూల్ లైను రైళ్లు ఇటుగానే పోతాయి కాబట్టి ఆ ఎర్రదుమ్మే అంటిందేమో అనిపించవచ్చు. కాదు. ఆ రంగు కుక్క ఒంట్లోదే.

రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌కు మూలం పార్ఫిరిన్లనే రసాయనాలు. కుక్కల్లో అవి కన్నీళ్లలోకీ లాలాజలంలోకీ కొంత చేరతాయి. వెంట్రుకల మీద ఆరి, వెలుతురు తగిలేకొద్దీ ముదురుతాయి. అస్తమానం నాకే తెల్లకుక్క పాదాలు ఎర్రబడేదీ అందుకే. ఎలుకల కన్నీళ్లలో ఇవి మరీ ఎక్కువ. నలతపడ్డ ఎలుక కంటిచుట్టూ నెత్తురు కారినట్టే ఉంటుంది.

రంగు సంగతి సరే, అసలు కన్నీరు బయటికెందుకు కారాలి? కంటి లోపలి మూలలో, రెప్పల అంచున, సూదిమొనంత రంధ్రాలుంటాయి. కన్నీరు వాటిగుండా సన్నని నాళంలోకి దిగి ముక్కులోకి పోతుంది. మనం ఏడిస్తే ముక్కు కారేది ఈ దారినే. తూము పూడితే వాకిట్లో నీళ్లు నిలిచినట్టు, నాళం మూసుకుంటే కన్నీరు చెంపమీదికి పొర్లుతుంది. పొట్టిమూతి జాతుల్లో కళ్లు ఉబ్బెత్తుగా, నాళం వంకరగా ఉంటాయి; పైగా ముఖంమీది వెంట్రుకలు కంట్లో గుచ్చుకుంటాయి. నాళం తెరిచే ఉందో లేదో చూడటానికి పశువైద్యులు కంట్లో ఫ్లోరెసిన్ రంగు వేస్తారు. కొన్ని నిమిషాల్లో ముక్కుకొన పచ్చగా మారితే దారి ఉన్నట్టే. మారకపోతే మాత్రం మూసుకుందని తేల్చేయలేం. కొన్ని కుక్కల్లో ఆ రంగు గొంతులోకి దిగిపోతుంది.

చార రెండువైపులా, ఏళ్లతరబడి ఒకేలా ఉంటే చాలావరకు అందానికి సంబంధించిన బెంగే. ఒక్క కంటికే, హఠాత్తుగా వస్తే ముల్లో, గీతో, నలకో ఉందని అనుమానించాలి. గోధుమరంగు ఊరకుక్కలకు చార కనపడదు గనక వాటి కంటిబాధ ఎవరి కంటా పడదు.

చార పోగొడతామనే పొడులు బజారులో చాలానే ఉన్నాయి. అలాంటి కొన్నిటిలో టైలోసిన్ అనే యాంటీబయాటిక్ కలుపుతున్నారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో తయారీదారులను హెచ్చరించింది. ఆ మందుకు అక్కడ కుక్కల వాడకానికి అనుమతే లేదు. ముఖం తెల్లబడటానికి నెలలతరబడి యాంటీబయాటిక్ మింగించడం, నా దృష్టిలో, తెలివితక్కువ పని. హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే కంటి దరిదాపులకు రానివ్వకండి.

చేయాల్సింది చిన్న పనే. కాచి చల్లార్చిన నీళ్లలో దూది తడిపి, పూటపూటా పుసి తుడిచి, పొడిగుడ్డతో అద్దాలి. తడి నిలిస్తే అక్కడ ఈస్ట్ పెరిగి వాసన వేస్తుంది. ఒక కంటికి వాడిన దూది రెండోదానికి వద్దు. రంగెక్కిన వెంట్రుక మళ్లీ తెల్లబడదు. మొద్దుమొన కత్తెరతో, ఒకరు తల పట్టుకోగా, కత్తిరించాలి. ఘాట్‌రోడ్డు మీద కారు అద్దం ఎత్తి ఉంచితే గాలీ దుమ్మూ తగలవు.

కుక్క కన్ను సగం మూసుకున్నా, పాదంతో రుద్దుకుంటున్నా, నల్లగుడ్డు మసకబారినా, పచ్చని చీము కారినా ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. ఇంట్లో మిగిలిన మన చుక్కలమందు వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే, కంట్లో పుండున్న కుక్కకు చూపే పోవచ్చు.