కొండ మీంచి వెళ్లిన తెలుగు మాస్టారు

అమెరికాలో తెలుగు చెప్పి వచ్చానంటే అరకు కొండల్లో మా డుంబ్రిగూడ వైపు జనం రెండు ప్రశ్నలు వేస్తారు. జీతమెంత? అక్కడోళ్లకి తెలుగెందుకు? రెండూ న్యాయమైనవే.

జీతం కాదు, నెలనెలా ఇచ్చే భత్యం. ఫుల్‌బ్రైట్ పేరు మీరు వినే ఉంటారు. మన దేశానికీ అమెరికాకీ ఆ ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. దాని కింద పరిశోధకులే కాదు, భాషా బోధన సహాయకులూ వెళ్తారు. ఎఫ్ఎల్‌టీఏ అంటారు. 21 నుంచి 29 ఏళ్ల వయసు ఉండాలి. అక్కడి విశ్వవిద్యాలయంలో తొమ్మిది నెలలు, అంటే ఒక విద్యా సంవత్సరం, మన భాష నేర్పాలి. సెమిస్టర్‌కి రెండు కోర్సులు మనమూ చదవాలి, డిగ్రీ మాత్రం ఇవ్వరు. వీసా జే-1 కాబట్టి పని ముగిశాక స్వదేశానికి రావలసిందే. రెండేళ్లు ఇక్కడ గడిపితేగానీ అక్కడి ఉద్యోగ వీసా గురించి ఆలోచించడానికి లేదు. ఎలాగోలా అక్కడే ఉండిపోదామనుకునేవారికి ఇది పనికొచ్చే దారి కాదు.

ఇక రెండో ప్రశ్న. విస్కాన్సిన్-మాడిసన్, బర్క్‌లీ, టెక్సస్-ఆస్టిన్ లాంటి విశ్వవిద్యాలయాల్లో తెలుగు తరగతులు నడిచాయి. వెల్చేరు నారాయణరావుగారు 1970లలోనే మాడిసన్‌లో పాఠాలు చెప్పారు. ఆ తరగతులకు వచ్చేవారిలో కొందరు చరిత్రో సాహిత్యమో పరిశోధించేవారు. మిగతావారు మన వలస కుటుంబాల పిల్లలు. అమ్మమ్మ ఫోన్లో అన్నదంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అక్షరం రాదు.

నా సంగతి వేరు. మా ఇంటి భాష ఆదివాసీ ఒడియా. ఆశ్రమ పాఠశాలలో చేరేదాకా తెలుగంటే నాకు సంతలో షావుకార్లు మాట్లాడే భాష. అలాంటివాణ్ణి తెలుగు చెప్పడానికి పంపడమేమిటని బంధువుల్లో కొందరు నొసలు చిట్లించారు. నా అభిప్రాయం దానికి సరిగ్గా వ్యతిరేకం. తెలుగును కష్టపడి నేర్చుకున్నవాడికే అది ఎక్కడ కాలికి తగులుతుందో తెలుస్తుంది.

మా భాషలో అన్న వచ్చినా, అక్క వచ్చినా క్రియ మారదు. అందుకే ఆశ్రమ పాఠశాలలో కొత్త పిల్లలు ‘అక్క వచ్చాడు’ అంటారు. తరగతి గొల్లుమంటుంది. ఇంగ్లీషులోనూ అంతే కదా! అమెరికాలో నా తరగతిలో ఒకమ్మాయి బోర్డు మీద ‘మా అమ్మ నిన్న వచ్చాడు’ అని రాసినప్పుడు నాకు నవ్వు రాలేదు, మా హాస్టల్ బెంచీ గుర్తొచ్చింది. వ్యాకరణ సూత్రం జోలికి పోకుండా ఇంటి ఫొటోలు తెమ్మన్నాను. తాత వచ్చాడు, అమ్మమ్మ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. అంతలో ఆ అమ్మాయే నిలదీసింది, అమ్మమ్మనీ బస్సునీ ఒకే గాటన కట్టేస్తారా అని. “అమ్మమ్మ వచ్చారు అను, గొడవ వదిలిపోతుంది” అన్నాను. గౌరవ వాచకం మాస్టార్లను ఎన్ని చిక్కుల్లోంచి గట్టెక్కిస్తుందో!

అంకెలు నేర్పడానికి తరగతిలో సంత పెట్టాను. చింతపండు, పసుపు, రాజ్‌మా, చోళ్లు అని కాగితాల మీద రాసి బల్లల మీద పరిచాం. అమ్మేవారు ధర చెప్పాలి, కొనేవారు బేరమాడాలి, నోట ఇంగ్లీషు ముక్క వస్తే సరుకు వదులుకోవాలి. గుంటూరు మూలాలున్న కుర్రాడొకడు చోళ్లంటే ఏమిటన్నాడు. రాగులన్నాను. వాళ్ల నాన్న ఆ మాట ఎప్పుడూ అనలేదట. ఉత్తరాంధ్ర తెలుగు కూడా తెలుగే అని ఆ రోజు కాస్త గట్టిగానే చెప్పాను.

కొండ భాషలకూ తెలుగుకూ మధ్య రాకపోకలు ఒకవైపే జరగలేదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర నిఘంటువు 1938లో వెలువడింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పొంది వచ్చాక, మా అరకు కొండల్లో వినిపించే కుబి భాషను పట్టుకున్నారు. ఆ భాష మీద ఆయన పుస్తకం 1969లో వచ్చింది. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆదివాసీ ఒడియా, కువి, కుబి, సవర సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టింది. లిపి తెలుగే, మాట పిల్లవాడి ఇంటిది. ఇంటి మాటతో మొదలుపెట్టి తెలుగులోకి నడిపించాలన్నది దాని ఉద్దేశం. పథకాలు వస్తాయి, పోతాయి. ఇంటి భాష తెలిసిన మాస్టారు బడిలో ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది.

పాడేరు, అరకు డిగ్రీ కళాశాలల్లో చదివి, పీజీ చేసి, పాఠాలు చెబుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మన దేశంలో ఫుల్‌బ్రైట్ వ్యవహారాలు చూసే యూఎస్ఐఈఎఫ్ వెబ్‌సైట్‌లో ఏటా వచ్చే ప్రకటన చూడండి. ఆ ఏడాది భాషల్లో తెలుగు ఉందో లేదో, అర్హతలేమిటో అందులోనే సరిచూసుకోండి. ఏజెంట్లకు పైసా ఇవ్వకండి. దరఖాస్తులో ఇంటి భాష గురించి రాయాల్సి వస్తే కువి అయితే కువి అనే రాయండి, ఆదివాసీ ఒడియా అయితే అదే రాయండి. తెలుగు మీకెలా వచ్చిందో కూడా ఒక పేరా రాయండి.