కలలో పిడిగుద్దులు... తేలిగ్గా తీసుకోవద్దు!

పగలంతా నెమ్మదిగా ఉండే పెద్దాయన అర్ధరాత్రి నిద్రలోనే కేకలు వేస్తాడు. పిడిగుద్దులు విసురుతాడు. ఒక్కోసారి మంచం మీంచి కింద పడతాడు. లేపి అడిగితే, ఎవరో తరుముతున్నట్టు కల వచ్చిందంటాడు. పీడకలేగా అని ఇంట్లోవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. కానీ ఇది నవ్వి వదిలేసే సంగతి కాదంటున్నాయి పరిశోధనలు.

కళ్లు కదిలే నిద్ర

సుమారు గంటన్నరకోసారి మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే దశ వస్తుంది. అదే 'రెమ్' నిద్ర. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ 1953లో దీన్ని వెల్లడించారు. పెద్దవాళ్ల నిద్రలో దీని వాటా 20 నుంచి 25 శాతం. కళ్లకు కట్టినట్టుండే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి.

మరి కలలో పరుగెడుతున్నా కాళ్లు కదలవెందుకు? ఆ సమయంలో మెదడు కండరాలకు తాళం వేసేస్తుంది కాబట్టి! ఊపిరి తీయడానికి, కళ్లు తిప్పడానికి కావలసినవే పనిచేస్తుంటాయి. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మిషెల్ జువే పిల్లుల మెదడు అడుగుభాగంలో ఈ తాళం వేసే చోటును దెబ్బతీసి చూశారు. అవి నిద్రలోనే లేచి, కనిపించని ఎర మీద దాడి చేస్తున్నట్టు ప్రవర్తించాయి. మనుషుల్లోనూ ఇలాంటి సమస్య ఉందని 1986లో అమెరికాలోని మినియాపొలిస్ వైద్యులు కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ తేల్చిచెప్పారు.

ముందే మోగే గంట

యాభై దాటిన మగవారిలో ఎక్కువగా బయటపడే ఈ సమస్య కొందరిలో రాబోయే జబ్బుకు తొలి సూచన. వేరే కారణమేదీ లేకుండా ఇది వచ్చిన 1,280 మందిని పలు దేశాల వైద్యులు గమనించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. పన్నెండేళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి పార్కిన్సన్స్, డిమెన్షియా లాంటివి వస్తాయని వారి అంచనా. వాటిని రాకుండా ఆపే మందు ఇంకా లేదు. ముందే తెలిస్తే మాత్రం వైద్యుల పర్యవేక్షణలో ఉండొచ్చు.

అలాగని నిద్రలో కలవరించే ప్రతివారూ కంగారుపడక్కర్లేదు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్లా ఇలా జరగొచ్చు. గురకతో ఊపిరి ఆగే సమస్య ఉన్నా ఇలాగే కనిపించొచ్చు. ఏదన్నది రాత్రంతా నిద్రను గమనించే పరీక్షలో తేలుతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

* మంచం ఎత్తు తగ్గించాలి, లేదా నేలమీదే పరుపు వేయాలి.
* గాజు సామాను, పదునైన వస్తువులు పక్కన ఉంచకూడదు.
* సమస్య అదుపులోకి వచ్చేదాకా భార్య వేరే మంచం మీద పడుకోవడం మేలు.
* లేపాల్సివస్తే పట్టుకుని కుదపకుండా, కాస్త దూరం నుంచే పేరు పెట్టి పిలవాలి.
* మెలటోనిన్, క్లోనజెపామ్ లాంటి మందులున్నాయి. అవి డాక్టరు చెబితేనే వాడాలి.

నిద్రలో ఏం చేశాడో పెద్దాయనకు తెలియకపోవచ్చు. కాబట్టి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు రాత్రి చూసినవాళ్లూ వెంట వెళ్లాలి.