బడి విడిచిన తరువాత వంటసంఘము

సాయంకాలము నాలుగు గంటలకు బడి విడువగనే పిల్లలకు ఆకలి వేయును. మధ్యాహ్నము పన్నెండున్నరకు తిన్న అన్నము అప్పటికి అరిగిపోవును. రాత్రి భోజనమునకు ఇంకను మూడు నాలుగు గంటల వ్యవధి యుండును. ఈ నడిమి వేళ పిల్లవాడు ఏమి తినుచున్నాడో ఇంట తల్లికి తెలియదు, బడిలో ఉపాధ్యాయునకును తెలియదు. తెలిసినవాడు గేటు ఎదుటి అంగడివాడు ఒక్కడే. మిరపకాయ బజ్జీలు, ఉప్పుకారము చల్లిన చిప్సు పొట్లములు, రంగురంగుల తీపి పానీయములు ఆ వేళకు సిద్ధముగా నుండును. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన పదార్థములను బడి ఆవరణలోను, గేటునుండి 50 మీటర్ల లోపలను అమ్మరాదని భారత ఆహార భద్రత, ప్రమాణముల ప్రాధికార సంస్థ 2020లో నిబంధనలు చేసినది. నిబంధన మంచిదే. అయితే ఆకలిగొన్న పిల్లలకు 51వ మీటరు దూరము కాదు.

ఈ నడిమి వేళను సద్వినియోగము చేయుటకు ఆచరణలో నిలువగల ఉపాయము బడి విడిచిన తరువాత నడపు వంటసంఘము. పదునైదు మొదలు ఇరువదిమంది వరకు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో, వారమున కొక సాయంకాలము, గంటన్నర కాలము. కావలసిన హంగు ఇంతమాత్రమే. పిల్లలు తామే కూరగాయలు కడిగి, తరిగి, వండి, పంక్తిని కూర్చుండి తిని, గిన్నెలు తోమి ఇండ్లకు పోవుదురు. ఇది మధ్యాహ్న భోజనమునకు బదులు కాదు. 1995 ఆగస్టు 15న జాతీయ పథకముగా ఆరంభమై, 2021 నుండి పి.ఎం. పోషణ్ అను పేర నడచుచున్న ఆ భోజనము పిల్లలకు వడ్డింపబడునది. ఇక్కడ వండువారును, వడ్డించువారును పిల్లలే.

ఇంతకును చదువుకొను పిల్లలకు ఈ పని యేల అను ప్రశ్న తల్లిదండ్రులనుండి తప్పక వచ్చును. దానికి రక్తహీనత లెక్కలే సమాధానము. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల వయస్సుగల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అంతకు ముందు 2015-16లో జరిగిన సర్వేలో ఈ సంఖ్య 54. తగ్గవలసినది పెరిగినది. అదే వయస్సు బాలురలో నూటికి 31 మంది రక్తహీనులు. రక్తహీనత గల బాలిక తరగతిలో కునుకుపాట్లు పడును, ఆటలో త్వరగా అలసిపోవును, మెట్లెక్కినచో ఆయాసపడును. ఇంటివారు దీనిని సోమరితనమని మందలించుటయు కద్దు. కొన్ని సంవత్సరములకు ఆమెయే తల్లి కాగా కానుపు వేళ ఆమె ప్రాణమునకును, తక్కువ బరువుతో పుట్టు బిడ్డకును అపాయము హెచ్చును.

వంటసంఘము రక్తహీనతకు మందు అని మాత్రము ఎవరును చెప్పరాదు. జబ్బుగా నున్న పిల్లను ఆరోగ్య కేంద్రమునకు కొనిపోవలెను. పది మొదలు పందొమ్మిది ఏండ్లవారికి వారమున కొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు ఇనుము మాత్రను, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో ఇచ్చు నులిపురుగుల మాత్రను మానరాదు. అయితే ఆ మాత్రలను కిటికీలోనుండి పారవేయు పిల్లలును కలరు. అది దేనికొరకు ఇచ్చుచున్నారో తెలియకపోవుటయే ఇందుకు ముఖ్యకారణము. తోటకూరలోని ఇనుమును గూర్చి పొయ్యివద్ద మాటలాడుకొన్న పిల్లకు మాత్రను గూర్చి వేరుగా ఉపన్యసింప నక్కరలేదు.

ఆకుకూరలలో, పప్పులలో, రాగి సజ్జలలో ఇనుము కలదు. కాని శాకాహారమునందలి ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. విటమిన్ సి తోడైనచో ఎక్కువగా పట్టును. టీలోని వగరు పదార్థములు దానిని అడ్డగించును. ఈ సంగతి నల్లబల్లపై వ్రాసినచో పరీక్ష వరకు గుర్తుండును. పొయ్యివద్ద మరియొక విధముగా చెప్పవచ్చును. తోటకూర పప్పు ఉడుకుచుండగా ఒక పిల్లవాడు నిమ్మకాయ కోసి పిండబోవును. అప్పుడు ఉపాధ్యాయిని అతని చేయి ఆపి, గిన్నె దించిన పిమ్మట పిండుమని చెప్పి, కారణము ఊహింపుమని అందరిని అడుగవలెను. విటమిన్ సి వేడికి నశించునని ఎవరో ఒకరు చెప్పుదురు. చెప్పకున్నను ఆనాడు నేర్చుకొందురు. నిమ్మకు బదులు ఉసిరికాయ పచ్చడి, జామపండు ముక్క, పచ్చి టొమాటో ఏదైనను ఆ పని చేయును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శక సూత్రములు భోజనమునకు గంట ముందును, గంట తరువాతను టీ, కాఫీలు త్రాగవలదని చెప్పుచున్నవి. అన్నము తినగనే టీ త్రాగు అలవాటున్న ఇండ్లలో ఈ ఒక్కమాట పిల్లలద్వారా చేరినను మేలే. ఈ సంస్థ 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి పరిశోధనకై చిన్న శాఖగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. బియ్యమును తెల్లగా మరపట్టుటకును, ఒక వ్యాధికిని గల సంబంధమునుండి బయలుదేరిన చరిత్ర అది. గంజి పారబోయు పిల్లలకు చెప్పదగినది.

ఇనుప మూకుడును మరువరాదు. పులుసుకూరలు, టొమాటో కూరలు ఇనుప మూకుట వండినచో కొంత ఇనుము కూరలోనికి దిగును. నాన్‌స్టిక్ పెనములు వచ్చిన పిమ్మట అటుక లెక్కిన మూకుళ్ళు చాల ఇండ్ల నున్నవి. ఒక్కటి సంఘమునకు కావలెనని అడిగినచో ఏ నాయనమ్మయో తప్పక పంపును.

మొదటి నెల నిప్పు ముట్టింపకుండుట మంచిది. నానవేసిన పెసరపప్పుతో వడపప్పు, మొలకెత్తిన పెసలు, పెరుగు కలిపిన అటుకులు, కీరదోస ముక్కలు, పండ్లు. వీనితోనే నాలుగు వారములు గడచును. మొలకలను మాత్రము రెండవ నెలలో ఆవిరిపై ఉడికించి తినుట అలవాటు చేయవలెను. పచ్చి మొలకలలో సూక్ష్మజీవులు సులభముగా పెరుగును. అటుపిమ్మట శనగ గుగ్గిళ్ళు. ఇందులో లెక్కల పాఠమును కలదు. అరకిలో ఎండు శనగలు రాత్రి నానవేసినచో మరునాటికి సుమారు రెండింతల బరువు తూగును. ఇరువదిమందికి పంచగా ఒక్కొక్కరికి 25 గ్రాముల ఎండు శనగలు, అనగా సుమారు 5 గ్రాముల మాంసకృత్తులు చేరును. తాలింపునకు నాలుగు చిన్న చెంచాల నూనె చాలును. తలకు ఒక గ్రామునకు లోపే పడును. సరుకులు కొన్న చీటీ చూచి, తలకు ఎంత పడినదో పిల్లలే లెక్కకట్టి, గేటువద్ద బజ్జీ ధర దాని ప్రక్కన వ్రాయవలెను. ఉపాధ్యాయుడు వ్యాఖ్యానింప నక్కరలేదు.

ఏ వంటలు నేర్పవలెనని దూరము పోనవసరము లేదు. తమిళుల సుండలు, కన్నడిగుల కోసంబరి, మరాఠీల మొలకల ఉసళ, బీహారు సత్తు పానీయము, గుజరాతీల ఢోక్లా, తెలుగువారి గుగ్గిళ్ళు: ఇవి యన్నియు నూనెలో వేచకయే సిద్ధమగు సాయంకాలపు ఫలహారములు. రాగి జావ, రాగి రొట్టె తప్పక యుండవలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అంతే తూకపు తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాములకు లోపే. పిల్లలు మాత్రము మొదట నూడుల్సు, కేకు అడుగుదురు. ఒకటి రెండు మారులు వారి మాటయు వినవలసినదే. నూడుల్సులో క్యారెట్టు, బీన్సు, గ్రుడ్డు చేర్చి, పొట్లములోని మసాలా సగమే వేయించినచో అదియు ఒక పాఠమగును. పొట్లము వెనుక ముద్రించిన పట్టికను చదివింపవలెను. ఏ పదార్థము ఎక్కువ బరువున్నదో అది పట్టికలో ముందు వచ్చును; చక్కెర పేరు మొదటి మూడింటిలో నున్నచో తక్కినది చెప్పనక్కరలేదు. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర యుండును. ఆరు చిన్న చెంచాల చక్కెర కాగితముపై కుప్పపోసి సీసా ప్రక్కన పెట్టినచో పిల్లలు ఒకరి మొగము నొకరు చూచుకొందురు. రోజు మొత్తమునకు ఉప్పు 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు, మించరాదనుటయు ఇట్లే కొలిచి చూపదగినది.

వంటసంఘము అనగానే అది ఆడపిల్లల కొరకని తలంచుట సామాన్యము. ఈ తలంపును తొలినాడే త్రుంచనిచో సంఘము పెట్టుటవలన మేలుకంటె కీడే హెచ్చు. ఇంట అన్న క్రికెట్టు ఆడుచుండగా చెల్లెలు అంట్లు తోముచున్నది. బడిలోను అదియే సాగినచో ఆమెకు రెండవ వంటింటిని కల్పించినట్లగును. మగపిల్లలను చేర్చుకొన్నంత మాత్రమున పని సరికాదు. రెండు వారములలో పనులు తమంతట తామే విడిపోవును: సిలిండరు మోయుట, లెక్క వ్రాయుట బాలురకు, తరుగుట, కలుపుట, తోముట బాలికలకు. కాబట్టి ప్రతివారము చీట్లు తీసి పనులు పంచవలెను. అంట్ల చీటీ వచ్చిన బాలుడు అంట్లు తోమవలసినదే, లెక్క చీటీ వచ్చిన బాలిక లెక్క వ్రాయవలసినదే. పై చదువులకో ఉద్యోగమునకో పట్టణము చేరి, అద్దెగదిలో పొట్లములతోను హోటలు తిండితోను కాలము గడపు యువకులు నేడు వేలకువేలు. అన్నము, పప్పు, ఒక కూర వండుకొనగలిగినచో వారి ఆరోగ్యమును, డబ్బును నిలుచును. కొడుకును పంపుటకు వెనుదీయు తండ్రితో ఈ మాట మొదట చెప్పినచో ఫలితము కనబడును.

పంక్తి భోజనమున మరియొక చిక్కు కలదు. ఎవరు వండిరని అడిగి తినుటకు సంశయించువారు నేటికిని అక్కడక్కడ లేకపోలేదు. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణమున నిషేధించినది. ఈ విషయమున బడి మెత్తబడరాదు. వండువారి చీట్లు అందరి పేర వ్రాయవలెను, పంక్తి ఒక్కటిగా నుండవలెను, పిల్లను మాన్పింతుమని వచ్చిన పెద్దలతో ప్రధానోపాధ్యాయుడు తానే మాటలాడవలెను. గ్రుడ్డు తినని పిల్లల సంగతి వేరు. అది వారి ఇంటి ఆహారనియమము. వారికి ఆనాడు శనగలో పెరుగో వేరు గిన్నెలో పెట్టినచో చాలును. వేరుశనగ, పాలు, గ్రుడ్డు వంటివి ఎవరికైన పడవేమో చేరునాడే ఇంటివారిని అడిగి పుస్తకములో వ్రాసికొనవలెను.

నిప్పు విషయమున ఏమరుపాటు పనికిరాదు. పొయ్యివద్ద ఒకేసారి ముగ్గురికి మించి నిలువరాదు. చున్నీ నడుమునకు బిగించి, జడ ముడి వేసికొనవలెను. నైలాను బట్టలు ధరింపరాదు. చేయి కాలినచో కుళాయి క్రింద చల్లని నీటి ధారలో 20 నిమిషములు ఉంచవలెను. పేస్టు, సిరా, పసుపు, వెన్న పూయరాదు. చేతులు సబ్బుతో కడుగుట, గోళ్ళు తీసికొనుట వంటకు ముందే జరుగవలెను. నులిపురుగులు ప్రవేశించు త్రోవలలో మురికి చేతులు ఒకటి. ఆకుకూరను కడిగి తరుగవలెను గాని తరిగి కడుగరాదు.

సంఘములు ఆరు నెలలకు ఆగిపోవుటకు కారణములు సాధారణముగా రెండు. ఉత్సాహము గల ఉపాధ్యాయునకు బదిలీ యగును, డబ్బు చాలదు. 2020 ఫిబ్రవరిలో ఆరంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమము క్రింద బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరోగ్య విషయములలో శిక్షణ నిచ్చు ఏర్పాటు కలదు. ఆ ఇద్దరును సంఘమును కలిసి నడపినచో ఒకరు పోయినను పని సాగును. డబ్బుకొరకు మధ్యాహ్న భోజనపు సరుకులపై చేయి వేయరాదు; వాని లెక్క వేరు, తనిఖీ వేరు. పిల్లలు వంతులవారీగా ఇంటినుండి గుప్పెడు పప్పో శనగలో తెచ్చుకొనవచ్చును. బడితోట యున్నచో తోటకూర, మునగాకు, నిమ్మ అందులోనే దొరకును. మధ్యాహ్న భోజనము వండు తల్లిని గురువుగా పిలుచుట చాల మంచిది. ఆమె చేతి కొలతలు ఏ పుస్తకములోను లేవు. అయితే ఆ గంటన్నరకు ఆమెకు కొంత పైక మీయవలెను, ఊరక పిలువరాదు. చాలచోట్ల తొలి సంవత్సరమే మిక్సీలు, ఓవెన్లు కొని, బహుమతుల పోటీలు పెట్టి, అలంకరణకు మార్కులు వేయుదురు. పోటీ ముగిసిన మరునాడు గదికి తాళము పడును. రెండు గిన్నెలు, ఒక మూకుడు, నాలుగు కత్తులు, కొలత చెంచాలు, ఒక త్రాసు ఉన్నచో ఏడాది పొడుగున నడుపవచ్చును.

చలికాలమున త్వరగా చీకటి పడును గావున అయిదున్నరకు ముగించి, ఒకే దారిన పోవు పిల్లలను జట్లుగా పంపవలెను. ప్రతివారు ఆనాటి వంటకమును కొలతలతో నోటుపుస్తకములో వ్రాసికొని, ఆదివారమునాడు ఇంట ఒకమారు వండి, ఇంటిల్లిపాది ఏమనిరో, ఎంత ఖర్చయినదో సోమవారము సంఘపు పుస్తకములో ఎక్కింపవలెను. ఉప్పు తక్కువైనదని తాతగారు విసుగుకొనినచో ఆ మాటయు వ్రాయవలసినదే.