నాన్నగారి అంబాసిడరు

మా నాన్నగారు 1971లో కొన్న అంబాసిడరు కారు నేటికీ మా వాకిట ఉన్నది. దానిని అమ్మివేయుమని చెప్పే హితులకు కొదువ లేదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ననుసరించి మన దేశంలో రూపొందిన ఈ వాహనం తయారీ 2014లో ఉత్తరపారాలో ఆగిపోయింది.

దానితో సుఖం కంటె శ్రమయే అధికం. ఎండలు ముదిరితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరియై, నడిరోడ్డుపై ఇంజను మూగబోతుంది. పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టి, చెట్టునీడన నిరీక్షించాలి. పెండ్లి ముహూర్తాలు మనకోసం ఆగవు గదా! ఒకమారు మేము చేరేసరికి తలంబ్రాలు కూడ ముగిసినవి.

అయినా ఈ యంత్రానికి ఒక సుగుణమున్నది: తన జబ్బును దాచుకోదు. బానెట్ ఎత్తితే ప్రతి అవయవమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. మా వృద్ధ మెకానిక్కు చప్పుడు విని వ్యాధి చెప్పేవారు. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల నడుమ ఎడం అంగుళంలో వేయింట పదిహేను వంతులుండాలి; దానిని ఆయన ఫీలర్ గేజి ముట్టకుండ, కంటిచూపుతోనే సరిచేసేవారు.

మొన్న వేసవిలో ఆయన చేయి వణికింది. "ఇక మీరే చూసుకోవాలి, మాస్టారూ" అని గేజిని నా చేతిలో పెట్టారు. ముప్పదియేండ్లు వ్యాకరణం చెప్పిన నేను శిష్యుడనై వంగినాను. మూడుమార్లు తప్పినాను. నాలుగవమారు ఇంజను పలికింది.

యాభైయేండ్లు దాటిన వాహనాలను ‘వింటేజి’గా నమోదు చేసే నిబంధన 2021లో వచ్చింది. ఆ బిరుదు పుచ్చుకుంటే ప్రదర్శనల వంటివాటికి తప్ప నిత్యం తిప్పరాదు. ఆ గౌరవం నాకు వద్దు. వాడుకలో ఉన్నంతకాలమే పదం బ్రతుకుతుంది. బండి అయినా, దానిని బాగుచేసే విద్య అయినా అంతే.